టీవీ దగ్గర అందే వేగం ఎంతో రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఇంట్లోని టీవీకి ఇంటర్నెట్ పెట్టించుకోవడం ఇప్పుడు గ్యాస్ కనెక్షన్ తీసుకున్నంత మామూలు పని అయింది. అయితే గ్యాస్ కనెక్షన్ ఇచ్చేవారు పొయ్యి వెలిగించి చూపి, వివరాలు రాసిన పుస్తకాన్ని చేతికిచ్చి వెళ్తారు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవారు మాత్రం డబ్బు కట్టించుకొని, రూటర్‌లో లైటు వెలిగిందని చూపి వెళ్తున్నారే తప్ప, ఏ టీవీ కోసం ఆ కనెక్షన్ తీసుకున్నామో ఆ టీవీ దగ్గర ఎంత వేగం అందుతున్నదో కొలవడం గాని, రాసివ్వడం గాని జరగడం లేదు. ఈ ఒక్క లోపం వల్ల ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు ఎంత ఇబ్బంది పడుతున్నారో సంబంధిత సంస్థలకు, అధికారులకు, తోటి పాఠకులకు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. హనుమకొండలో మేముంటున్నది మా మామగారు నలభై ఏళ్ల కిందట కట్టించిన ఇల్లు. రాయి దగ్గరలోనే దొరికే ఊరు కనుక, పునాదితో పాటు గోడలను కూడా రాతితోనే మందంగా కట్టించారు. ఎనభై దాటిన మా అత్తగారికి కళ్లు మసకబారి చదవడం కష్టమైనందున, ఆమెకు పగలంతా తోడు టీవీయే. కేబుల్ ప్రసారాల్లో ఆమెకు ఇష్టమైన హరికథలు, పాత నాటకాలు దొరకడం లేదనీ, యూట్యూబ్‌లో అవన్నీ ఉన్నాయనీ పిల్లలు చెప్పగా, కొత్త స్మార్ట్ టీవీ కొని ఇంటర్నెట్ కనెక్షన్ కోసం ఒక సంస్థకు దరఖాస్తు చేశాం.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి స్తంభం నుంచి ఫైబర్ తీగ లాగి, వీధి దర్వాజ పక్కనే రూటర్ బిగించాడు. తమకు చెప్పింది అక్కడి వరకేనని, లోపలికి తీసుకుపోవాలంటే తీగ ఖర్చు అదనమని అన్నాడు. టీవీ ఉన్నది రెండు రాతి గోడల అవతల, నడిమి అర్రలో. అతడు తన ఫోన్‌ను రూటర్ పక్కన పెట్టి వేగం కొలిచి, "చూడండి మేడం, వంద వస్తుంది" అన్నాడు. నిజంగానే వంద ఎంబీపీఎస్‌కు (ఇంటర్నెట్ వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లని చెప్పే కొలత ఇది) దగ్గరి అంకె కనిపించింది. నేను సంతకం పెట్టాను. ఆ సాయంత్రం నుంచే హరికథ మధ్యలో బొమ్మ నిలిచిపోవడం, తెర నడుమ చక్రం తిరగడం మొదలైంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ వచ్చిన జవాబు ఒక్కటే, పెద్ద ప్లాన్‌కు మారాలని. చివరికి రెండు వందల ఎంబీపీఎస్ ప్లాన్‌కు ఆరు నెలల డబ్బు ముందే కట్టాం. చక్రం అట్లాగే తిరిగింది. కథ ఆగినప్పుడల్లా అత్తగారు ఏదో తన చేతి తప్పు జరిగిందనుకొని రిమోట్‌ను పక్కన పెట్టి మౌనంగా కూర్చోవడం చూస్తే నా మనసుకు ఎంతో కష్టంగా ఉండేది.

బతుకమ్మ పండుగకు వచ్చిన మా అమ్మాయి చేసిన మొదటి పని, వేగాన్ని రూటర్ దగ్గర కాకుండా టీవీలోనే కొలవడం. అక్కడ అందుతున్నది నాలుగు ఎంబీపీఎస్! రెండు వందలకు డబ్బు కడుతున్నాం, నాలుగు అందుకుంటున్నాం. ఆ మధ్యాహ్నమే ఇరవై మీటర్ల ల్యాన్ వైరు కొని తెచ్చి, ఎలక్ట్రీషియన్‌తో సజ్జ మీదుగా లాగించి, రూటర్‌ను టీవీని నేరుగా కలిపాం. ఆనాటి నుంచి ఈనాటి వరకు బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. అవసరం లేని పెద్ద ప్లాన్‌కు కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. అయినా నేను ఈ లేఖ రాస్తున్నది ఆ డబ్బు కోసం కాదు. మా వీధిలో అడిగి చూస్తే ఇదే కథ నాలుగు ఇండ్లలో విన్నాను, నలుగురికీ అందిన సలహా కూడా అదే.

ఇందులోని శాస్త్రం ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా చెప్పగలిగినంత సులువైనది. వైఫై కూడా రేడియో తరంగమే. మన ఇండ్లలోని రూటర్లు సాధారణంగా రెండు రకాల తరంగాలను వాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కొంత దూరం పోతుంది, గోడలను కొంత మేరకు దాటుతుంది. కానీ అది ఇరుకు దారి. ఒకదానికొకటి అడ్డుపడని మార్గాలు అందులో మూడే ఉంటాయి కనుక, పక్క ఇండ్ల రూటర్లన్నీ ఆ మూడింటినే పంచుకోవలసి వస్తుంది, అపార్ట్‌మెంట్లలో ఈ రద్దీ మరీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం విశాలమైన దారి, వేగమూ ఎక్కువే, కానీ మందమైన గోడ అడ్డం వస్తే త్వరగా బలహీనపడుతుంది. తక్కువ ధర టీవీల్లో చాలావాటికి ఈ రెండో తరంగాన్ని అందుకునే ఏర్పాటే ఉండదు. కాబట్టి దర్వాజ దగ్గర ఫోన్‌లో కనిపించిన వందకు, నడిమి అర్రలో టీవీకి అందేదానికి సంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు. ప్లాన్ పెంచితే రూటర్ దాకా వచ్చే వేగం పెరుగుతుంది, ఆ తర్వాత గోడ గోడగానే ఉంటుంది. ఇన్నేళ్లు పిల్లలకు తరంగాల పాఠం చెప్పిన నేను ఈ మాట ముందే ఆలోచించనందుకు బాధపడ్డాను. అటువంటప్పుడు ఏ చదువూ లేని వృద్ధులు ఎట్లా తెలుసుకుంటారు?

ఇంతకూ టీవీకి కావలసిన వేగం ఎంత? నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన చందాదారులకు చెప్పే లెక్క ప్రకారం మామూలు హెచ్‌డీ బొమ్మకు 3 ఎంబీపీఎస్, పూర్తి హెచ్‌డీ బొమ్మకు 5, అత్యంత స్పష్టమైన 4కె బొమ్మకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఒకే టీవీ, రెండు మూడు ఫోన్లు ఉన్న ఇంటికి నలభై, యాభై ఎంబీపీఎస్ ప్లాన్ ధారాళంగా సరిపోతుంది, అది సరిగ్గా టీవీ దాకా చేరితే. పైగా చాలా టీవీల వెనుక ఉండే ల్యాన్ రంధ్రం వంద ఎంబీపీఎస్‌కు మించి తీసుకోలేదు. మూడు వందల ప్లాన్‌ను టీవీ కోసమని అంటగట్టడంలో అర్థమే లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ విషయంలో చట్టం కూడా మనకు పెద్దగా ఆసరా ఇవ్వదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని కేంద్ర టెలికాం శాఖ 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి, అంటే దాదాపు అర ఎంబీపీఎస్ నుంచి, 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. పెంచడం మంచిదే. కానీ మా నడిమి అర్రలోని నాలుగు ఎంబీపీఎస్ కూడా ఆ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండే అవుతుంది! అందువల్ల ఇంటి లోపల టీవీ దగ్గర ఏం జరుగుతున్నదో చూడవలసిన బాధ్యతను కనెక్షన్ ఇచ్చేవారికి స్పష్టంగా అప్పగించాలి.

ధర చెప్పే తీరు గురించి కూడా రాయాలి. కరపత్రం మీద 699 రూపాయలని పెద్ద అంకెల్లో ఉంటే, 18 శాతం జీఎస్టీ కలిపేసరికి నెలకు 825 అవుతుంది, ఆరు నెలలకు ఒకేసారి కట్టమంటే దాదాపు 4,950. పెన్షన్ మీద బతికేవారికి ఇది ముందుగా తెలియవలసిన అంకె. అట్లాగే అపరిమితమని చెప్పే ప్లాన్లలో సాధారణంగా నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది, అది దాటితే వేగం బాగా తగ్గుతుంది. నిజానికి దీనికి భయపడవలసిన పని లేదు. హెచ్‌డీ బొమ్మకు గంటకు 3 జీబీ ఖర్చయినా 1,100 గంటలు చూడవచ్చు, ముప్పై రోజుల నెలలో ఉన్నవే 720 గంటలు. అంత నిశ్చింతగా ఉండగలిగిన విషయాన్ని కూడా తెలుగులో ఒక ముక్క రాసి ఇవ్వకపోవడమే నాకు అర్థం కానిది.

అంతకంటే ఎక్కువ నొప్పి కలిగించేది, ఇంటర్నెట్ ద్వారా సినిమాలు, సీరియళ్లు చూపే ఓటీటీలు ఉచితమన్న మాట. మా వీధిలో ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి, పదికి పైగా ఓటీటీలు వస్తాయని చెప్పగా నమ్మి కనెక్షన్ తీసుకున్నారు. టీవీలో తెరిస్తే, మీ ప్లాన్ ఫోన్‌లో చూడడానికి మాత్రమేనని ఇంగ్లీషులో రాసి వచ్చింది. ఆయన దాన్ని చదవలేక నెల రోజులు టీవీ చెడిపోయిందనే అనుకున్నారు. ఫోన్‌కు మాత్రమే పనికివచ్చే చౌక ప్లాన్లు ఉన్నమాట నిజమే, నెట్‌ఫ్లిక్స్ నెలకు 149 రూపాయల ప్లాన్ అటువంటిదే. కానీ టీవీ కోసం కనెక్షన్ తీసుకునే మనిషికి ఆ తేడా చెప్పకుండా అమ్మడం న్యాయం కాదు. కేబుల్, డీటీహెచ్ చానళ్ల విషయంలో 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన అమల్లోకి వచ్చి, ఏ చానల్ ధర ఎంతో విడివిడిగా ప్రకటించడం, కావలసినవే ఎంచుకోవడం సాధ్యమైంది. ఇంటర్నెట్ ప్లాన్‌తో కలిపి ఇచ్చే ఓటీటీలకు అటువంటి ఏర్పాటు లేదు. ఏవి టీవీలో వస్తాయి, ఏవి ఫోన్‌లోనే వస్తాయి, ఎన్ని నెలలు ఉచితం, ఆ తర్వాత బ్యాంకు ఖాతా నుంచి డబ్బు దానంతట అదే పోతుందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి.

టీవీ అమ్మేవారికి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎంగిలిపూల బతుకమ్మ మరునాడే ఆ తగ్గింపు రావడంతో దసరాకు కొత్త టీవీ కొన్న ఇండ్లు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. కొనేటప్పుడు తెర కొలత గురించి చెప్పినంత వివరంగా, దానికి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉందా, ల్యాన్ రంధ్రం ఉందా, తెలుగు ఓటీటీ యాప్‌లు అందులో పనిచేస్తాయా అన్నవి ఎవరూ చెప్పలేదు. ఇక పాత ఎల్‌ఈడీ టీవీ ఉన్నవారు దాన్ని తీసేయనక్కర లేదు. వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే అందులో పెట్టే చిన్న స్టిక్‌తో పని జరుగుతుంది.

అసలు ఇంటర్నెట్ అవసరమే లేని ఇండ్లు కూడా ఉన్నాయి. వార్తలు, భక్తి కార్యక్రమాలు, దూరదర్శన్ యాదగిరి మాత్రమే చూసేవారికి నెలసరి చందా లేని డీడీ ఫ్రీ డిష్ ఉన్నది. అటువంటివారికి ఆ సంగతి చెప్పకుండా ఆరు నెలల ప్లాన్ కట్టించడం మంచిపని కాదని నా అభిప్రాయం.

కనెక్షన్ వచ్చాక అది నిలబడడం మరో సమస్య. మన దగ్గర ఫైబర్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా, డాబాల మీదుగా, చెట్ల కొమ్మల మధ్య నుంచి వస్తాయి. వాటి మీద కోతులు వేలాడి ఊగడం, కొరికి తెంపడం మన జిల్లాల్లో అందరూ చూస్తున్నదే. 2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు, సమాచారం కోసం అందరూ ఫోన్, టీవీ వైపే చూసిన వేళ మా కనెక్షన్ నాలుగు రోజులు రాలేదు. అదే సంవత్సరం ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణ శోభాయాత్ర రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు చనిపోయిన తర్వాత, నగరంలో స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించడం, ఇంటర్నెట్ ఆగిపోవడం, వివాదం హైకోర్టు దాకా పోవడం మనందరికీ తెలుసు. ప్రాణాల కంటే ఏ ప్రసారమూ ఎక్కువ కాదు, ప్రమాదకరంగా వేలాడే తీగలను తీయవలసిందే. అయితే అటువంటి దుర్ఘటన ఇక్కడ జరిగే దాకా ఆగకుండా, హనుమకొండలోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ, మున్సిపల్ కార్పొరేషన్, కేబుల్ ఆపరేటర్లు కలిసి కూర్చొని, పనికిరాని తీగలను తొలగించి, పనికివచ్చేవాటిని తగిన ఎత్తులో వరుసగా కట్టిస్తే అందరికీ మేలు. హెల్మెట్ గాని, చేతి తొడుగులు గాని లేకుండా నిచ్చెన వేసుకొని స్తంభం ఎక్కే ఆ యువకుల క్షేమం కూడా ఇందులోనే ఉంది.

పల్లెల సంగతి వేరు. అక్కడ వేగం గురించి మాట్లాడే ముందు తీగ రావాలి. భూపాలపల్లి జిల్లాలో మా తమ్ముడు ఫోన్‌లోని హాట్‌స్పాట్‌తో టీవీ నడుపుతాడు. రోజుకు 2 జీబీ ఇచ్చే రీఛార్జ్‌తో హెచ్‌డీలో సినిమా పెడితే, విరామం వచ్చేలోగా ఆ నాటి డేటా అయిపోతుంది. మిషన్ భగీరథ తాగునీటి పైపులతో పాటు భూమిలో ఫైబర్ వేసిన రాష్ట్రం మనది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ ద్వారా 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌తో పాటు కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇండ్లకు ఇంటర్నెట్, టీవీ ప్రసారాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల ఊళ్లకు కూడా అది త్వరగా చేరాలని, చేరినప్పుడు నేను ఈ లేఖలో అడుగుతున్న కాగితంతో సహా చేరాలని కోరుతున్నాను.

టీవీ కోసం ఇంత రాయాలా అని ఎవరైనా అనవచ్చు. 2020 సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వ విద్యా ప్రసారాలైన టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని పిల్లలను ఉన్న ఇంటికి జతచేస్తూ మేం ఉపాధ్యాయులం వీధి వీధి తిరిగాం. పాఠం నడిచే వేళకు బొమ్మ రాకపోతే ఆ పిల్లల ముఖాలు ఎట్లా వాడిపోయేవో కళ్లారా చూశాను. ఈ రోజు మా పక్కింటి అమ్మాయి ఉద్యోగ పరీక్షలకు టీ-శాట్ పాఠాలను యూట్యూబ్‌లో, ఇంటి టీవీ మీదనే పెద్దగా పెట్టుకొని వింటున్నది. 2026 జనవరి చివరలో మేడారం జాతరకు పోలేని మా అత్తగారు, సమ్మక్క తల్లి గద్దెకు చేరే దృశ్యాన్ని అదే తెర మీద చూసి చేతులు జోడించారు.

కనుక నా విన్నపం ఇది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే ప్రతి సంస్థ, ప్రతి కేబుల్ ఆపరేటర్, పని పూర్తయిన రోజే ఇంటివారికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. రూటర్ దగ్గర ఎంత వేగం వచ్చింది, టీవీ దగ్గర ఎంత వచ్చింది, పన్నుతో కలిపి కట్టవలసింది ఎంత, రూటర్ అద్దెదా సొంతమా, టీవీలో వచ్చే ఓటీటీలు ఏవి, చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. టీవీలో పెట్టిన గూగుల్ ఖాతా ఎవరి పేరున ఉందో, పాస్‌వర్డ్ ఏమిటో ఇంటివారి చేతనే వారి సొంత పుస్తకంలో రాయించాలి, ఎందుకంటే వచ్చిన అబ్బాయి తన ఖాతాతోనే టీవీ తెరిచి వెళ్లిపోయిన ఇండ్లను నేను చూశాను. టీవీ దగ్గర కనీసం పది ఎంబీపీఎస్ అందకపోతే తీగ లాగాలా, రూటర్ స్థలం మార్చాలా అన్నది ఆ రోజే చెప్పి, ఇంటివారు ఒప్పుకున్న తర్వాతే సంతకం తీసుకోవాలి. ట్రాయ్ దీన్ని నిబంధనగా చేయాలి. అంతవరకు పాఠకులు తామే అడిగి రాయించుకోవాలని, ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఆ ఫిర్యాదు నంబరును తప్పక తీసుకోవాలని మనవి. లోపం నిర్ణీత గడువులో సరికాకపోతే కనెక్షన్‌కు కట్టే అద్దెలో తగ్గింపు పొందే హక్కు ట్రాయ్ నిబంధనల్లో ఉంది, ఎక్కడా న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రెండింటికీ ఆ ఫిర్యాదు నంబరే ఆధారం.

ఇది జరగని పని కాదని చెప్పడానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. పోయిన నెల మా ఎదురింటివారు కొత్త కనెక్షన్ తీసుకున్నప్పుడు నన్ను పిలిచారు. వచ్చిన అబ్బాయికి ఒక తెల్లకాగితం ఇచ్చి, "బిడ్డా, టీవీ దగ్గర ఎంత వస్తుందో కొలిచి దీని మీద రాసివ్వు" అని అడిగాను. అతడు ఏమాత్రం విసుక్కోలేదు. మొదట ఏడు వచ్చింది. తానే రూటర్‌ను గోడ ఇవతలికి మార్చి మళ్లీ కొలిస్తే నలభై ఒకటి వచ్చింది. రెండు అంకెలూ, తేదీ, తన ఫోన్ నంబరు రాసి, కింద సంతకం చేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటికి పోయేముందు, "ఇట్లా ఎవ్వరూ అడగలేదు అమ్మా, అడిగితే మేం కొలుస్తాం" అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ